జీకేవీకే గేటు లోపల: మట్టి పరీక్ష, విత్తనం, కృషి మేళా. ఏది పనికొస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ పేరు జీకేవీకే. నగరంలో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి అది బళ్లారి రోడ్డులో ఒక బస్టాపు. విమానాశ్రయానికి వెళ్తుంటే హెబ్బాళ ఫ్లైఓవర్ దాటాక, యలహంక రాకముందు, చెట్ల వెనక సాగిపోయే పెద్ద ఆవరణ. హిందూపురం, మడకశిర, బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు వైపు రైతులకు మాత్రం అది రాగి విత్తనం దొరికే చోటు. ఈ మధ్య మూడో రకం జనం కూడా తోడయ్యారు. వారమంతా వైట్‌ఫీల్డులో ఉద్యోగం చేసి, లేపాక్షి దగ్గరో గౌరీబిదనూరు దగ్గరో రెండెకరాలు కొని, శనివారం వెళ్లి చూసుకునేవాళ్లు. ఈ సమీక్ష ముఖ్యంగా వాళ్లకూ, ఊళ్లో ఉన్న వాళ్ల నాన్నలకూ.

ఇక్కడి చదువుల గురించి రాయడం లేదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బయటివాళ్ల కోసం తెరిచి ఉంచిన కిటికీల గురించే ఇది: మట్టి, నీటి పరీక్ష, విత్తనాల అమ్మకం, తెగులు సోకిన మొక్క చూపించుకోవడం, నవంబరు మేళా. మా తీర్పు ముందే చెప్పేస్తాం. విత్తనానికి 5కి నాలుగున్నర. మేళాకు నాలుగు, అదీ ఎలా తిరగాలో తెలిస్తే. మట్టి పరీక్షకు మూడున్నర, ఆ తగ్గిన ఒకటిన్నరలో సగం తప్పు మనదే. విత్తనంలో దాగిన శాస్త్రం దానంతటదే నడిచి చేనుకు చేరుతుంది. కాగితం మీద రాసిన శాస్త్రానికి మాత్రం పక్కన ఒక మనిషి ఉండాలి.

విశ్వవిద్యాలయం విత్తనాలమ్మడం ఏమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. 1899లో మైసూరు రాజప్రతినిధి మహారాణి కెంపనంజమ్మణ్ణి హెబ్బాళలో ఇచ్చిన 30 ఎకరాల ప్రయోగ క్షేత్రం దీనికి మూలం. విశ్వవిద్యాలయంగా మారింది 1964లో. అప్పట్లో అమెరికాలోని టెనెస్సీ విశ్వవిద్యాలయం సాయపడింది. పాఠం, పరిశోధన, పల్లెకు చేర్చే పని అనే మూడూ ఒకే చూరు కింద ఉండాలన్న పద్ధతి అక్కడిదే. అమెరికాలో 1862 చట్టంతో భూదాన కళాశాలలు (ప్రభుత్వమిచ్చిన భూమితో పెట్టినవి) వచ్చాయి, 1887లో ప్రయోగ క్షేత్రాలు, 1914లో ఊరూరికీ సలహాదారుణ్ణి పంపే విస్తరణ వ్యవస్థ. మన దేశంలో ఈ దారిలో మొదటిది 1960లో పంత్‌నగర్. దానికి ముందే 1948–49లో మన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని రాసింది. కాబట్టి ఆ కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు మొహమాటపడనక్కర్లేదు. అది వాళ్లు మనకు చేసే దయ కాదు, వాళ్ల పనిలో మూడోవంతు.

ఒక చిక్కు ముందే తెలుసుకుని వెళ్లాలి. పాత రోజుల్లో పశువులు, పళ్లతోటలు, పైర్లు అన్నీ ఈ విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. తర్వాత పశువైద్యం బీదరులోని విశ్వవిద్యాలయానికి, ఉద్యాన పంటలు బాగలకోట విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాయి. హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి బీదరు కిందది. అందుకే టమాటా ఆకు పట్టుకుని ఒక విభాగానికి వెళ్తే ఇంకో చోటికి పొమ్మంటారు. అది విసుక్కోవడం కాదు, నిజంగానే అది వాళ్ల పని కాదు. ముందుగా ఫోను చేసి, పంట పేరు చెప్పి, ఏ విభాగమో అడిగి బయల్దేరితే సగం రోజు మిగులుతుంది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి నుంచి వచ్చే బస్సులు బళ్లారి రోడ్డు మీదుగానే వస్తాయి. హిందూపురం బస్సయితే దొడ్డబళ్లాపురం మీదుగా వస్తుంది కాబట్టి యలహంకలో దిగి బస్సు మారాలి.

మట్టి పరీక్ష

ల్యాబ్ తప్పు చేస్తుందేమోనని అందరూ భయపడతారు. అసలు తప్పు జరిగేది చేన్లో. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు తొమ్మిది లక్షల కిలోలు. మీరు పట్టుకెళ్లేది అర కిలో. అందులో సేంద్రియ కర్బనం పరీక్షకు వాళ్లు తూచేది గ్రాము అటూ ఇటూ. ఆ గ్రాము తొమ్మిది లక్షల కిలోల తరఫున సాక్ష్యం చెప్పాలి. గనిమ (చేని గట్టు) పక్కన పారతో ఒక్క పెళ్ల తీసి కవరులో పోసుకుని వెళ్తే వచ్చే రిపోర్టు ఆ గనిమకే చెల్లుతుంది.

మట్టి తీసే విధానం ఇది. ముందు చేనును రంగు, పల్లం, పంట బట్టి ముక్కలు చేసుకోండి. ఎర్రనేల మెరక ఒకటి, అడుగున నల్లగా ఉన్న పల్లం ఇంకొకటి. రెండూ కలపకూడదు. ఒక్కో ముక్కలో వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల గుర్తు పెట్టుకోండి. గనిమలు, కాలువలు, చెట్ల నీడ, పెంట దిబ్బ వేసిన చోటు, బాట, ఇవన్నీ వదిలేయాలి. గుర్తు పెట్టిన చోట పైనున్న చెత్త, ఎండుగడ్డి చేత్తో పక్కకు తోయాలి, మట్టి గీకెయ్యకూడదు. ఇంగ్లీషు వి అక్షరంలా ఆరంగుళాల లోతు గుంట తీసి, ఆ తవ్విన మట్టి పారేసి, గుంట గోడ వెంట పై నుంచి కింద దాకా అంగుళం మందాన ఒక పలక కోయాలి. నమూనా ఆ పలకే. పైన ఎక్కువ, కింద తక్కువ వస్తే భాస్వరం లెక్క పెరిగిపోతుంది, ఎందుకంటే అది పై పొరలోనే ఉండిపోతుంది.

అన్ని చోట్లా తీసింది ప్లాస్టిక్ బకెట్‌లో వేయండి. జింకు పూత వేసిన రేకు బకెట్ వాడితే రిపోర్టులో జింకు బ్రహ్మాండంగా ఉంటుంది, చేన్లో ఉండదు. యూరియా సంచిలో కట్టి తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నత్రజని ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. సూక్ష్మపోషకాలు కూడా చూడమనేటట్టయితే తుప్పు పట్టిన పారకు ఆనుకున్న మట్టిని చెక్కముక్కతో తీసేసి, మిగిలిందే బకెట్‌లో వేయాలి.

తర్వాత గోనె మీద కాదు, శుభ్రమైన గుడ్డ మీదో కాగితం మీదో మట్టంతా పోసి, రాళ్లు, వేర్లు ఏరి, గడ్డలు చిదిపి, గుండ్రంగా పరచండి. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. అర కిలో మిగిలేదాకా ఇదే. తడిగా ఉంటే నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెట్టడం, పొయ్యి పక్కన పెట్టడం వద్దు, వేడికి పొటాష్, నత్రజని లెక్కలు మారిపోతాయి. మామిడి, సపోటా లాంటి తోట వేసేవాళ్లకు ఆరంగుళాలు చాలవు. మూడడుగుల గుంట తీసి ఒక్కో అడుగు మట్టి విడిగా, మూడు సంచుల్లో ఇవ్వాలి. అడుగున సున్నపు గట్టి ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. చెట్టు పెట్టాక తెలిస్తే ఏం లాభం.

చీటీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా చెమ్మకు అలికిపోతుంది. పేరు, ఊరు, సర్వే నంబరు మాత్రమే రాసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. దానికన్నా ముఖ్యమైనవి మూడున్నాయి: కిందటి పంట ఏమిటి, వేయబోయే పంట ఏమిటి, నీళ్ల కింద వేస్తారా, వాన మీదనా. ఈ మూడూ లేకపోతే ల్యాబ్ అంకెలు ఇవ్వగలదు గానీ మోతాదు ఇవ్వలేదు. సిఫారసు పంటకు ఇస్తారు, మట్టికి కాదు.

ఎప్పుడు వెళ్లాలి? పంట కోశాక, కొత్తగా ఎరువు వేయకముందు. ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. మే చివర్లో తొలి వాన పడగానే అందరికీ మట్టి పరీక్ష గుర్తొస్తుంది. ఏ ప్రభుత్వ ల్యాబ్‌లో అయినా అప్పుడు సంచులు గుట్టలుగా పడతాయి, రిపోర్టు వచ్చేసరికి విత్తనం మొలిచి ఉంటుంది. రెండు మూడేళ్లకొకసారి చేయిస్తే చాలు. ఏడాదికొకసారి చేయించుకోవడం డబ్బు దండగ.

రిపోర్టు చదవడం

తెలుగువాళ్లకు అసలు కష్టం ఇక్కడే. సరిహద్దు రైతులు కన్నడం గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం ఆగిపోతారు. నిజానికి లిపి భయపడేంత దూరం కాదు. తలకట్టు వేరు, క, త, శ లాంటి కొన్ని అక్షరాలు వేరు, మిగతావి కూడబలుక్కుంటే వచ్చేస్తాయి. తేడా అంతా మాటల్లో ఉంది. కన్నడ కాగితంలో సారజనక అంటే మన నత్రజని. రంజక అంటే భాస్వరం. సావయవ ఇంగాల అంటే సేంద్రియ కర్బనం. రససార అంటే ఉదజని సూచిక, అందరూ పీహెచ్ అనేది. సతు అంటే జింకు, కబ్బిణ అంటే ఇనుము. కొట్టిగె గొబ్బర అంటే పశువుల ఎరువు. సుణ్ణ అంటే సున్నమే. గంధక, పొటాష్ మారలేదు. గుంటె అనే నేల కొలత దగ్గర జాగ్రత్త: ఎకరానికి 40 గుంటలు, మన లెక్కలో 100 సెంట్లు. అంటే గుంటకు రెండున్నర సెంట్లు.

ఇక అంకెలు. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే గొడవ లేదు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు ఎర్రనేలల్లో కొన్ని 6 కన్నా కిందికి దిగుతాయి, వాటికి సున్నం కావాలి. సున్నం విత్తడానికి రెండు మూడు వారాల ముందే వేసి కలియదున్నాలి. యూరియాతో కలిపి చల్లితే నత్రజని అమ్మోనియా వాయువై ఎగిరిపోతుంది. లవణాల కొలత, అంటే ఈసీ, 1 లోపు ఉంటే సరే. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువైతే తక్కువ కింద లెక్క, 0.75 దాటితే ఎక్కువ. నత్రజని హెక్టారుకు 280 కిలోల కన్నా తగ్గితే తక్కువ. మన వైపు మెట్టనేలల్లో ఈ గడి దాదాపు ఎప్పుడూ తక్కువనే చెబుతుంది, కంగారు పడొద్దు. జింకు 0.6 పీపీఎం కన్నా తగ్గితేనే లోపం.

ఒక సూక్ష్మం చెప్పాలి. కొన్ని ల్యాబ్‌లు నత్రజనిని విడిగా కొలవవు, సేంద్రియ కర్బనం బట్టి అంచనా కట్టి రాస్తాయి. తప్పేం కాదు, కానీ కొలిచారా కట్టారా అని అడిగి తెలుసుకోండి. అంచనా అంకెకు దశాంశ స్థానం దాకా విలువిచ్చి యూరియా తూచాల్సిన పని లేదు.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు హెక్టారును ఎకరమనుకోవడం. రిపోర్టు అంకెలు సాధారణంగా హెక్టారు లెక్కలో ఉంటాయి. హెక్టారంటే 2.47 ఎకరాలు. ఉదాహరణకు రాగికి హెక్టారుకు 50 కిలోల నత్రజని, 40 భాస్వరం, 25 పొటాష్ అని రాసిందనుకోండి. ఎకరానికి అది 20, 16, 10 అవుతుంది. డీఏపీలో 46 శాతం భాస్వరం ఉంటుంది కాబట్టి 16 కిలోల కోసం 35 కిలోల డీఏపీ. అందులోనే 18 శాతం చొప్పున ఆరు కిలోల పైచిలుకు నత్రజని వచ్చేసింది. ఇంకా కావాల్సిన 14 కిలోలకు 46 శాతం యూరియా 30 కిలోలు. పొటాష్ పది కిలోలకు మ్యూరేట్ (పొటాష్ ఎరువు) 17 కిలోలు. దుకాణంలో బస్తాల్లో చెప్పాలంటే డీఏపీ 50 కిలోల బస్తాలో ముప్పాతిక కన్నా కొంచెం తక్కువ, యూరియా 45 కిలోల బస్తాలో మూడింట రెండు వంతులు. డీఏపీలోని నత్రజని తీసేయకుండా యూరియా లెక్క కట్టేవాళ్లు ఎకరానికి 13, 14 కిలోల యూరియా ఊరికే పోస్తున్నట్టు.

టమాటా మడుల్లో ఏళ్ల తరబడి డీఏపీ పోసినవాళ్ల రిపోర్టులో భాస్వరం ఎక్కువ అని రావడం మామూలే. అప్పుడు ఆ ఏడాది డీఏపీ మానేసినా నష్టం లేదు. పైగా భాస్వరం మితిమీరితే పైరుకు జింకు అందదు. జింకు సల్ఫేటు ఎకరానికి పది కిలోలంటే అది ఒక్కటే వేయండి, డీఏపీతో కలిపి చల్లితే రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుని వేరుకు అందకుండా పోతాయి. మధ్యలో కొన్ని రోజుల ఎడం ఉండాలి. బోరాక్స్ దగ్గర మరీ జాగ్రత్త, దానికి చాలినంతకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ.

నీళ్ల పరీక్ష కూడా చేయించండి, బోరు ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా. మోటారు కనీసం పావుగంట ఆడాక, అదే నీటితో సీసా మూడుసార్లు కడిగి, లీటరు నింపి, అదే రోజు లేదా మర్నాటికల్లా ఇవ్వాలి. అందులో చూడాల్సింది మిగులు సోడియం కార్బొనేటు. 1.25 లోపైతే మంచి నీళ్లు, 2.5 దాటితే నేల బిగుసుకుపోయే నీళ్లు. ఈ పరీక్ష సాగునీటికి. తాగడానికి పనికొస్తాయా, ఫ్లోరైడు ఎంత, సూక్ష్మజీవులున్నాయా అన్నది వేరే పరీక్ష. అనంతపురం వైపు వాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుంటారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

మేడ మీద కుండీల్లో వంకాయలు పెంచేవాళ్లకు ఒక మాట. మీ కుండీ మట్టి తెచ్చి పూర్తి పరీక్ష చేయించకండి. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపిన మిశ్రమానికి పొలం నేల కోసం కట్టిన తక్కువ, మధ్యస్థ, ఎక్కువ గీతలు వర్తించవు. పీహెచ్, ఈసీ రెండూ చూపించుకుంటే చాలు. కుండీలో మొక్క మాడిందంటే చాలాసార్లు లవణాలు పేరుకోవడమే, దానికి రెండుసార్లు నిండా నీళ్లు పోసి అడుగు రంధ్రం నుంచి కారనిస్తే సరి.

ఇంత రాశాక కూడా మూడున్నరే ఎందుకంటే, పైన చెప్పిందంతా నిజానికి కాగితం ఇచ్చేవాళ్లు చెప్పాలి. ఎకరం లెక్క, బస్తా లెక్క, ఏ ఎరువు దేనితో కలపకూడదో ఒక్క పేజీలో అచ్చువేసి ఇవ్వొచ్చు. దేశమంతటా 2015లో మొదలైన నేల ఆరోగ్య కార్డుల్లో 12 అంశాలు కొలిచి రాస్తున్నారు. ఆ కార్డులు ఎన్ని ఇళ్లల్లో క్యాలెండరు వెనక దోపి ఉన్నాయో ఊళ్లో అందరికీ తెలుసు. ల్యాబ్ సరిగ్గా పనిచేసి, చీటీ సరిగ్గా వచ్చి, ఎరువు మాత్రం దుకాణదారు చెప్పినట్టే పడుతుంటే, సేవ ఎక్కడో తెగిందన్నట్టే.

విత్తనం

ఇక్కడ ఫిర్యాదు చాలా తక్కువ. రాగికి ఈ ఆవరణను మించింది దేశంలో లేదు. చిరుధాన్యాల అఖిల భారత సమన్వయ పరిశోధనకు చాలా ఏళ్లు కేంద్రంగా ఉన్నది ఇదే. మండ్య వైపు లక్ష్మణయ్య గారు భారతీయ, ఆఫ్రికా రకాలను సంకరం చేసి తెచ్చిన ఇండాఫ్ రాగులు మన తాతల తరం ఎరిగినవే. 1990ల్లో వచ్చిన జీపీయూ-28 ఇప్పటికీ నిలబడింది. కారణం దిగుబడి ఒక్కటే కాదు, అగ్గితెగులును తట్టుకోవడం. మెడ దగ్గర అగ్గితెగులు పడితే వెన్ను తాలు పోతుంది, మందు కొట్టే లోపు అయిపోతుంది. కాబట్టి తట్టుకునే రకమే మందు.

రకం పేరు అడిగే ముందు ఎప్పుడు విత్తుతారో చెప్పండి. జూలై మొదట్లో విత్తితే ఎంఆర్-6 లాంటి ఎక్కువ రోజుల రకం. జూలై చివరి నుంచి ఆగస్టు దాకా అయితే సుమారు 110 రోజుల జీపీయూ-28. వాన ఇంకా ఆలస్యమైతే వంద రోజుల లోపు రకం, జీపీయూ-48 లాంటిది. సెప్టెంబరు దగ్గర పడ్డాక దీర్ఘకాలిక రకం వేస్తే గింజ పాలు పోసుకునే వేళకు తేమ ఉండదు. ఎకరానికి గొర్రుతో అయితే నాలుగైదు కిలోలు, నారు పోసి నాటితే రెండు కిలోలు చాలు. పది కిలోలు చల్లి తర్వాత పలచన చేయడానికి కూలీలను పెట్టడం చాలా ఊళ్లల్లో అలవాటు. మంచి విత్తనానికి అంత అక్కర్లేదు.

సంచికున్న చీటీ రంగు చూడండి. పసుపు చీటీ ప్రజనన విత్తనం, తెల్లది మూల విత్తనం, నీలం ధ్రువీకరణ విత్తనం, లేత ఆకుపచ్చ అమ్మేవాళ్లే నాణ్యతకు పూచీ ఇచ్చే విత్తనం. పంట కోసం వేసుకునేవాళ్లకు నీలం లేదా ఆకుపచ్చ చాలు, పసుపు కోసం పట్టుబట్టడం అనవసరం. ధ్రువీకరణ రాగికి మొలక కనీసం 75 శాతం ఉండాలి. చీటీ మీద గడువు తేదీ చూసుకుని, ఇంటికెళ్లి తడిగుడ్డలో లెక్కపెట్టి వంద గింజలు చుట్టి వారం రోజులు చెమ్మ ఆరకుండా చూడండి. డెబ్బై ఐదు కన్నా తగ్గితే విత్తకముందే తిరిగి అడగొచ్చు. విత్తాక అడిగితే వాన మీదికి నెట్టేస్తారు.

అనపకాయ ప్రియులకు హెచ్‌ఏ-3, హెచ్‌ఏ-4. నాటు అనప పగలు పొట్టిగా ఉండే కాలంలోనే పూస్తుంది, అందుకే డిసెంబరు, జనవరి సందడి. ఈ హెబ్బాళ రకాలకు పగటి పొడవుతో పని లేదు, ఏ కాలంలో వేసినా కాస్తాయి. అయితే బెంగళూరు సంతలో బేరగాడు ముందు కాయను వాసన చూస్తాడు. ఆ జిడ్డు వాసనను కన్నడంలో సొగడు అంటారు. అది లేని కాయకు ధర తెగ్గోస్తాడు. కంది కావాలంటే బీఆర్‌జీ రకాలు, పొద్దుతిరుగుడుకు కేబీఎస్‌హెచ్ హైబ్రిడ్లు.

వేరుశనగ కోసమైతే ఇంతదూరం రావొద్దు. ఆంధ్ర వైపు చేనుకు కదిరి పరిశోధన స్థానం దగ్గర, అది మన ఎన్జీ రంగా విశ్వవిద్యాలయానిది. కదిరి-6, కదిరి లేపాక్షి అక్కడివే. టమాటా, మిరప హైబ్రిడ్లకు బెంగళూరులోనే హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. అది విశ్వవిద్యాలయం కిందిది కాదు, భారత వ్యవసాయ పరిశోధన మండలిది. అర్క రక్షక్ టమాటా అక్కడ పుట్టిందే, ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ముందస్తు ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది.

తెగులు చూపించుకోవడం

వాడిన ఒక ఆకును జేబులో పెట్టుకొచ్చి ఇదేం తెగులని అడిగితే దేవుడు కూడా చెప్పలేడు. మొక్కను వేళ్లతో సహా పెకలించి, వేళ్లకున్న మట్టి రాల్చకుండా, కాగితంలో చుట్టి తేవాలి. పాలిథీన్ కవరులో గంటలోనే చెమ్మపట్టి కుళ్లు మొదలవుతుంది, అసలు తెగులేదో వచ్చిన కుళ్లేదో తేలదు. తెగులు మొదలైనది ఒకటి, ముదిరినది ఒకటి, బాగున్నది ఒకటి, మూడూ కావాలి. చేనంతా ఒకేలా ఉందా, అక్కడక్కడ గుంపులుగా ఉందా అన్నది ఫోన్లో ఫొటో తీయండి. మందు కొట్టకముందే తేవాలి. కొట్టేసి ఉంటే దాచకుండా ఏం కొట్టారో డబ్బా తెచ్చి చూపాలి.

టమాటా పచ్చగా ఉండగానే వాడిపోతుంటే బయల్దేరే ముందు ఇంట్లోనే ఒకటి చూసుకోవచ్చు. కాండం అడుగున కోసి, గాజు గ్లాసు నీళ్లలో కోసిన మొన మునిగేలా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలదారంలా తెల్లగా కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి దుకాణంలో ఇచ్చే శిలీంద్రనాశని ఏదీ పనిచేయదు. మొక్క పీకి తగలెయ్యాలి, వచ్చేసారి ఆ మడిలో వంకాయ, మిరప, టమాటా మానుకోవాలి.

కృషి మేళా

ఏటా నవంబరులో నాలుగు రోజులు, వారాంతం కలిసేలా పెడతారు. లక్షల్లో జనం. ఉద్యోగులంతా ఆదివారమే వస్తారు, వచ్చి స్టాళ్లలో తిరిగి, రాగి తినుబండారాలు తిని, మొక్క ఒకటి కొనుక్కుని పోతారు. జాతరగా అది బాగానే ఉంటుంది. పని ఉండి వచ్చేవాళ్లు మొదటి రోజు పొద్దున్నే వచ్చి స్టాళ్లకు వీపు పెట్టి నేరుగా ప్రదర్శన మళ్ల దగ్గరికి పోవాలి. నవంబరంటే రాగి కోతకొచ్చి ఉంటుంది. రకాలు పక్కపక్కనే, ఒకే నేలలో, ఒకే ఎరువుతో నిలబడి కనిపిస్తాయి. ఏది పడిపోయింది, దేని వెన్ను ముడుచుకుంది, ఏది ఎంత గడ్డి ఇస్తుంది అన్నది ఏ కరపత్రమూ ఇంత బాగా చెప్పదు. ఆవులున్నవాళ్లు గడ్డి ఎత్తు చూసి రకం ఎంచుకోవడం ఇక్కడే సాధ్యం.

స్టాళ్ల గురించి ఒక హెచ్చరిక. మేళాలో స్టాలున్నంత మాత్రాన ఆ సరుకును విశ్వవిద్యాలయం సిఫారసు చేసినట్టు కాదు. ద్రవ బంగారమని, సర్వరోగ నివారిణి అని సీసాలమ్మేవాళ్లకు ఆ గేటు పేరే పెట్టుబడి. ఈ మందు మీ పంటల సిఫారసు పుస్తకంలో ఉందా అని ఆ విభాగం అధ్యాపకుణ్ణి అడగండి. అదే ఆవరణలో నిలబడి ఉంటారు, మొహమాటం లేకుండా చెబుతారు.

చివరి మైలు

ఇదే నగరంలో ఇంకో ఉదాహరణ చూడండి. భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో అమూల్య రెడ్డి గారు అస్త్ర పేరుతో పల్లె సాంకేతికత విభాగం మొదలుపెట్టారు. పొగ తగ్గే పొయ్యి, సిమెంటు కలిపి ఒత్తే మట్టి ఇటుక అక్కడినుంచి వచ్చాయి. ఇటుక ఒత్తే యంత్రం ఊరికి చేరిందంటే శాస్త్రం చేరినట్టే. మళ్లీ ఎవరూ వచ్చి చదివి చెప్పక్కర్లేదు. మట్టి రిపోర్టుకు ఆ వీలు లేదు.

అందుకే కృషి విజ్ఞాన కేంద్రాలు పెట్టారు. మొదటిది 1974లో పుదుచ్చేరిలో, ఇప్పుడు దేశంలో 700 దాటాయి. దొడ్డబళ్లాపురం తాలూకా హాడోనహళ్లిలో, చింతామణి దగ్గర కురుబూరులో ఉన్నవి ఈ విశ్వవిద్యాలయానివే. ఆంధ్ర వైపైతే అనంతపురం దగ్గర రెడ్డిపల్లి, చిత్తూరు వైపు కలికిరి. చింతామణి వైపు కేంద్రానికి తెలుగు మాట్లాడే రైతు కొత్త కాదు, అక్కడి పల్లెల్లో సగం మాట తెలుగే. ఇంకో సేవ ఎవరూ గమనించనిది. వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులు కొన్ని వారాలపాటు పల్లెలో ఉండి పనిచేయాలి, అది వాళ్ల చదువులో భాగం. వాళ్లు ఊరికొస్తే గుడి దగ్గర ఫొటో దిగి పంపేయకండి. ముందు మీ ఇంట్లోని రిపోర్టు చేతికిచ్చి హెక్టారును ఎకరం చేయించండి, బస్తాల్లో రాయించండి, చేనులోకి తీసుకెళ్లి మట్టి తీయించండి. వాళ్లకు మార్కులొస్తాయి, మీకు లెక్క తేలుతుంది.

ల్యాబ్ కాగితానికి రెండు జిరాక్సులు తీయించుకోండి. ఒకటి ఎరువుల దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో, ఇంకొకటి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు చూపించడానికి. అసలుది, ఏ ఏ చోట్ల గుంటలు తీశారో వెనకవైపు గీసి, బీరువాలో పెట్టండి. మూడేళ్ల తర్వాత మళ్లీ అవే చోట్ల మట్టి తీస్తేనే పోల్చడానికి పనికొస్తుంది.